అచ్చు ఒకటి, కారు ఒకటి

(మిషిగన్‌లో మన తెలుగువాళ్ల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. ముందుగా ఈ ముక్కని ఒకరి చేతి నుంచి ఒకరికి అందించండి. జాగ్రత్తగా పట్టుకోండి, అంచులు గరుకుగా ఉంటాయి. పిల్లల చేతికి ఇవ్వకండమ్మా, గుచ్చుకుంటే రెండు రోజులు దురద పెడుతుంది. ఒక వైపు చూడండి, అద్దంలా నున్నగా ఉంది. ఇప్పుడు తిప్పి చూడండి. కొబ్బరిపీచు నొక్కి అంటించినట్టు ఉంది కదా? అది గాజు. నిజంగా గాజే. వెంట్రుక కన్నా సన్నగా తీసిన గాజు దారాలు, వాటిని పట్టి ఉంచే రెసిన్. రెండూ కలిస్తే ఫైబర్‌గ్లాస్. మీ చేతుల్లో ఉన్నది ఒక కారు తలుపులోంచి కోసిన ముక్క. ఆ తలుపుని ఎందుకు కోయాల్సి వచ్చిందో తర్వాత చెప్తాను.

పోయిన ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి, అదే, డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ రోడ్డు మీద జరిగే పాత కార్ల పండగకి వెళ్లాం. మనవాళ్లు చాలామంది వచ్చారు, ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగంమంది అక్కడ కనిపించారు. రోడ్డు పక్కన ఒక పాత డ్రీమ్ కారుకి నకలు నిలబెట్టి ఉంది. అద్దం మీద అమ్మకానికి అని కాగితం, పక్కన ధర. రెండు లక్షల డాలర్ల పైమాట. నా పక్కనున్న కుర్రాడు, పేరు చెప్పను, ఇక్కడే ఉన్నాడు, వేలితో బానెట్ మీద టకటకా కొట్టి చూశాడు. "అంకుల్, ఇది ప్లాస్టిక్ డొప్ప. ఈ డొప్పకి రెండు లక్షలా? ఈ ఊళ్లో ఇల్లు కొనుక్కోవచ్చు కదా!" అన్నాడు. అప్పుడు ఆ జనంలో, ఆ హారన్ల మోతలో నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. కానీ బాబూ, నీ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే అది తప్పు ప్రశ్న కాదు. ఫైబర్‌గ్లాస్ చవకైన సరుకే. మరి కారు ఎందుకంత ఖరీదు? ఇవాళ మాట్లాడేది దాని గురించే.

నాకు ఈ రెసిన్ వాసన కొత్తది కాదండి. మాది ఉప్పాడ వైపు. నా చిన్నప్పుడు మా ఒడ్డున అన్నీ కర్ర తెప్పలే. తర్వాత ఫైబర్ బోట్లు వచ్చాయి. బోటుకి చిల్లు పడితే ఇసుకలోనే బోర్లించి, గాజు దారాల మ్యాట్ ముక్క పరిచి, రెసిన్ పూసి అతికేసేవాళ్లు. ఆ వాసనకి ముక్కు మండేది, కళ్లు నీళ్లు కారేవి, అయినా నేను అక్కడే నిలబడి చూసేవాణ్ని. మామూలు జాలరి కుటుంబం అప్పోసప్పో చేసి కొనుక్కోగలిగిన బోటు అది. ఇదే గాజు, ఇదే రెసిన్. మరి అక్కడ అంత చవగ్గా వచ్చింది ఇక్కడ ఎందుకింత? ఈ మాట మనసులో పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ముందు డ్రీమ్ కార్లు అంటే ఏమిటో రెండు ముక్కల్లో. కంపెనీ అమ్మడానికి చేసేవి కావు ఇవి. రాబోయే కారు ఇలా ఉండొచ్చు అని జనానికి చూపించడానికి ఒకటో రెండో చేసేవాళ్లు. 1938లో జనరల్ మోటార్స్‌లో డిజైన్ విభాగం పెద్ద హార్లీ ఎర్ల్ చేయించిన బ్యూక్ వై-జాబ్‌ని వీటిలో మొదటిదిగా చెప్తారు. మూతపడే హెడ్‌లైట్లు, కరెంటుతో నడిచే కిటికీలు, 1938లో! ఎర్ల్ ఆ కారుని ఏళ్ల తరబడి తానే నడుపుకున్నాడు. యుద్ధం అయ్యాక 1949 నుంచి 1961 దాకా మోటోరామా అని ఊరూరా ప్రదర్శనలు పెట్టారు. ఫైబర్‌గ్లాస్ ఈ కథలోకి వచ్చింది అక్కడే.

ఎందుకు వచ్చింది? ఇక్కడ ప్రెస్ షాపుల్లో పనిచేసినవాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా, ఎంతమందో. మీకు నేను చెప్పక్కర్లేదు. ఇనప రేకుతో కారు బాడీ కావాలంటే డైలు కావాలి, రేకుని నొక్కి ఆకారం తెచ్చే ఉక్కు అచ్చులు. ఒక్కో డై టన్నుల బరువు, చేయడానికి నెలలు, డబ్బు సంగతి సరేసరి. లక్ష కార్లు చేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది. ఒక్క కారుకి ఎవరు పెడతారు? అందుకని ఫైబర్‌గ్లాస్. బంకమట్టితో ఆకారం చేసుకో, దాని మీద అచ్చు తీసుకో, అచ్చులో గాజు పరిచి రెసిన్ పొయ్యి. డై అక్కర్లేదు. 1953లో బ్యూక్ వైల్డ్‌క్యాట్ అలా వచ్చింది, జెట్ విమానంలా ఉండే ఫైర్‌బర్డ్ మొదటిది అలాగే వచ్చింది.

షెవ్రొలే వాళ్ల స్పోర్ట్స్ కారు కార్వెట్ కూడా అంతే. 1953 జనవరిలో న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో చూపించారు. జూన్ 30కల్లా మన ఫ్లింట్‌లో, ఇక్కడికి గంట దూరం కూడా లేదు, మొదటి కారు బయటికి వచ్చింది. ఆర్నెల్లు కూడా పట్టలేదు! డైలు చేసుకుంటూ కూర్చుంటే అయ్యే పనేనా? ఆ ఏడాది 300 కార్లు చేశారు, అన్నీ తెల్లవే, ఇంచుమించు అన్నీ చేతిపనే. ధర 3,498 డాలర్లు.

అంటే గమనించండి. మనవాడు ప్లాస్టిక్ డొప్ప అన్నాడు కదా, అసలు డ్రీమ్ కార్లలో చాలా మటుకు ఆ డొప్పలే. కాబట్టి ఫైబర్‌గ్లాస్ నకలు అంటే చవక నకలు అని అనుకోకండి. చాలాసార్లు అసలు దేనితో చేశారో నకలు కూడా దానితోనే చేస్తున్నారు.

మరి అసలువి ఏమయ్యాయి? ప్రదర్శన అయిపోయాక కంపెనీకి వాటితో పని ఉండదు. దాచడానికి చోటు కావాలి, ఎవరికైనా ఇస్తే రేపు ఏదైనా అయితే బాధ్యత కంపెనీది. చాలావాటిని తుక్కు చేసేయమని పంపేశారు. ఇక్కడ స్టెర్లింగ్ హైట్స్‌లో మనవాళ్ల ఇళ్లు ఎన్ని ఉన్నాయి! అక్కడే వార్‌హూప్స్ అనే తుక్కు యార్డు ఉండేది. 1950ల్లో జనరల్ మోటార్స్ కొన్ని డ్రీమ్ కార్లని నరికేయమని అక్కడికి పంపింది. ముప్పై ఏళ్ల తర్వాత, 1988లో, చికాగో దగ్గర ఉండే జో బోర్ట్జ్ అనే సేకర్త వెళ్లి చూస్తే నాలుగు కార్లు అక్కడే ఉన్నాయి. లాసాల్ II అనే కార్లు రెండు, ఒక క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్, ఒక షెవ్రొలే బిస్కేన్. బిస్కేన్‌ని ముక్కలు ముక్కలుగా కోసి పడేశారు. ముప్పై ఏళ్లు మిషిగన్ మంచులో, వానలో పడున్నాయి. మామూలు ఇనప రేకు అయితే ఏం మిగులుతుంది చెప్పండి? ఫైబర్‌గ్లాస్ కాబట్టి ఆ ముక్కలు ముక్కలుగానైనా మిగిలాయి. వాటిని తిరిగి అతికి బాడీ నిలబెట్టారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మిగిలిన అసలు కార్ల ధర మనలాంటివాళ్లు అడగక్కర్లేదు. 1954 ఓల్డ్స్‌మొబైల్ ఎఫ్-88 అని ఒకటి, 2005 వేలంలో 30 లక్షల డాలర్ల పైన పలికింది. కొనలేం. మ్యూజియంలో తాడు అవతల నిలబడి చూస్తాం. ఆ కారు కావాలి, దగ్గరగా కావాలి, కూర్చోవాలి అంటే నకలు ఒక్కటే దారి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కారు దగ్గరికి వస్తాను. లింకన్ ఫ్యూచురా. పేరు వినకపోయినా మీరందరూ చూసే ఉంటారు, మరో వేషంలో. 1955లో ఫోర్డ్ వాళ్లు చూపించారు. ఇటలీలో ట్యూరిన్‌లో గియా అనే వర్క్‌షాప్‌లో చేత్తో సాగగొట్టిన ఇనప రేకు అది, ఫైబర్ కాదు. అప్పట్లోనే రెండున్నర లక్షల డాలర్లు అయిందని చెప్తారు. దాదాపు 19 అడుగుల పొడవు. డ్రైవర్‌కి ఒకటి, పక్క మనిషికి ఒకటి, తలల మీద రెండు పారదర్శక గుమ్మటాలు. గుమ్మటం మూస్తే బయటి చప్పుడు వినపడదు కదా, అందుకని వెనకాల ఒక మైకు పెట్టారు, వెనక వచ్చే బండ్ల హారన్లు లోపలికి వినిపించడానికి. ఆలోచన చూడండి!

తర్వాత ఆ కారు కాలిఫోర్నియాలో కార్లకి కొత్త రూపాలు ఇచ్చే జార్జ్ బారిస్ చేతికి వచ్చింది, నామమాత్రంగా ఒక్క డాలరుకి. 1965 చివర్లో బ్యాట్‌మ్యాన్ టీవీ సీరియల్ వాళ్లు వచ్చి మాకో కారు కావాలి, టైమ్ లేదు అన్నారు. మూడు వారాల్లో ఫ్యూచురాని బ్యాట్‌మొబైల్ చేసేశాడు. 1966 జనవరిలో సీరియల్ మొదలైంది. దేశమంతా ఆ కారు చూడాలని ఎగబడ్డారు. ఒక్క కారు ఎన్ని ఊళ్లు తిరుగుతుంది? అప్పుడు బారిస్ ఏం చేశాడు? ఆ కారు మీదే అచ్చు తీశాడు. ఫోర్డ్ గెలాక్సీ ఫ్రేములు తెచ్చి, 11 అంగుళాలు పొడిగించి, వాటి మీద ఫైబర్‌గ్లాస్ బాడీలు ఎక్కించి మూడు నకళ్లు చేశాడు. అవి ఊరూరా తిరిగాయి. తిరగ్గా తిరగ్గా ఫైబర్ బాడీల మీద సన్నని పగుళ్లు వచ్చాయి. పెయింటు మీద సాలెగూడులా కనపడతాయవి. వాటిని కప్పడానికి తర్వాత నల్లటి మఖ్మల్ లాంటి పూత వేశారు. అసలు కారు 2013 జనవరిలో వేలానికి వచ్చి 42 లక్షల డాలర్లు పలికింది, కమిషన్‌తో కలిపి 46 లక్షల 20 వేలు.

ఇవాళ ఇండియానాలో లోగన్స్‌పోర్ట్ అనే ఊళ్లో, హక్కులున్న కంపెనీ నుంచి లైసెన్సు తీసుకుని ఆ 1966 కారుకి ఫైబర్‌గ్లాస్ నకళ్లు చేసి అమ్ముతున్నారు. ధర లక్షన్నర డాలర్ల పైన. లైసెన్సు ఎందుకు అంటారా? కాలిఫోర్నియాలో ఒకాయన లైసెన్సు లేకుండా ఒక్కోటి 90 వేల డాలర్లకి అమ్మాడు. కేసు పడింది. 2015లో అక్కడి ఫెడరల్ అప్పీల్ కోర్టు ఏమందంటే, బ్యాట్‌మొబైల్ ఉత్త బండి కాదు, కథలో అదీ ఒక పాత్రే, పాత్రకి కాపీరైట్ ఉంటుంది అంది. నకలు ధరలో ఈ లైసెన్సు ఖర్చు కూడా ఉంటుంది. మీరు బానెట్ మీద కొట్టి చూస్తే వినపడని ఖర్చు.

ఇక మా గ్యారేజీకి రండి. మేం ముగ్గురం, ఒక తెలుగు మిత్రుడు, ఒక పోలిష్ ఆయన, నేను. నాలుగేళ్లుగా శనాదివారాలు ఒక ఫ్యూచురా చేస్తున్నాం. బ్యాట్‌మొబైల్ కాదు, 1955లో ఎలా ఉందో అలా. మాకు అసలు కారు మీద అచ్చు తీసే అవకాశం లేదు. ఏముంది మా దగ్గర? పాత ఫొటోలు, ప్రచురించిన కొలతలు కొన్ని, అప్పట్లో వచ్చిన ప్లాస్టిక్ బొమ్మ కారు కిట్ ఒకటి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 126 అంగుళాలు. అది తెలుసు. దాన్ని పట్టుకుని మిగతా అంతా ఫొటోల నుంచి లెక్క కట్టుకోవాలి. ఫొటో నిజం చెప్తుందా? కెమెరాకి దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా పడుతుంది. ఒక్క వెనక రెక్క వంపు కోసం మూడు నెలలు కొట్టుకున్నాం.

పని ఎలా నడుస్తుందో చెప్తాను. మొదట చెక్కతో, ఫోమ్‌తో పూర్తి సైజు కారు చేస్తాం. దాన్ని ప్లగ్ అంటారు. దాని మీద లప్పం పెట్టి ఎమరీ పేపర్‌తో రుద్దుతాం. మళ్లీ లప్పం, మళ్లీ రుద్దడం. పొడుగ్గా ట్యూబ్‌లైట్లు పెట్టి, కారు మీద వాటి ప్రతిబింబం చూస్తాం. లైటు గీత తిన్నగా జారిపోతే సరే. ఎక్కడైనా వణికితే అక్కడ ఎత్తుపల్లం ఉన్నట్టు. వేలికి తెలియని ఎత్తుపల్లం కంటికి తెలుస్తుంది. నల్ల పెయింటు వేస్తే ఊరందరికీ తెలుస్తుంది. అదయ్యాక దాని మీద మైనం పొరలు పొరలుగా పట్టించి, జెల్‌కోట్ అనే నున్నటి పైపొర రెసిన్ వేసి, మ్యాట్ పరిచి, రెసిన్ పూసి అచ్చు తీస్తాం. కారు మొత్తానికి ఒకే అచ్చు కుదరదు, వంపు లోపలికి తిరిగిన చోటల్లా అచ్చు ఇరుక్కుపోతుంది. మాకు 23 ముక్కలు అయ్యాయి. ఆ అచ్చుల్లో మళ్లీ మైనం, మళ్లీ జెల్‌కోట్, మళ్లీ మ్యాట్. అప్పుడు బాడీ వస్తుంది. అంటే ఏమైంది? ఒక్క కారు కోసం మూడు కార్లు చేశాం. ప్లగ్ ఒక కారు, అచ్చు ఒక కారు, చివరికి వచ్చింది మూడో కారు. మొదటి రెండూ ఎవరూ చూడరు.

ఇక్కడ వంటింట్లో అరిసెలు చేసేవాళ్లు ఉన్నారు కదా? అయితే మీకు రెసిన్ సంగతి నేను చెప్పక్కర్లేదు. పాకం ఎలాగో ఇదీ అలాగే. రెసిన్‌ని గట్టిపరిచే హార్డెనర్ వందకి ఒకటి, రెండు పాళ్లు కలుపుతాం. కలిపిన దగ్గర్నించి పావుగంటో, ఇరవై నిమిషాలో టైమ్. లేతగా ఉన్నప్పుడే మ్యాట్ మీద పూసి, రోలర్‌తో గాలి బుడగలు బయటికి నెట్టాలి. ముదిరితే అంతే, బకెట్‌లో అది రాయి. జులైలో ఒక రోజు ఎండ మండిపోతోంది, మేము చలికాలం లెక్కలోనే హార్డెనర్ పోశాం. ఐదు నిమిషాలకి బకెట్ పొగలు కక్కింది. పట్టుకెళ్లి బయట కంకర మీద పెట్టాం. టెన్షన్‌తో ఆ రోజు ఇంక ఎవరం పని ముట్టలేదు.

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న ముక్క. ఎవరి దగ్గరుందండి? ఆ, అక్కడ. ఆ తలుపు అచ్చులో ఒక మూల, జానెడు మేర, మైనం పట్టించడం మర్చిపోయాను. నేనే. తలుపు అచ్చుకి అంటుకుపోయింది. చెక్క మేకులు దించి, సందులో నీళ్లు పోసి, రబ్బరు సుత్తితో తట్టి, రెండు రోజులు చూశాం. రాలేదు. చివరికి తలుపు కోసేశాం. తలుపుతో పాటు అచ్చు కూడా పాడైంది. అచ్చు పాడైందంటే మళ్లీ ప్లగ్ దగ్గరికి వెళ్లాలి. జానెడు మైనానికి 11 వారాంతాలు పోయాయి. ఆ ముక్కలో నున్నటి వైపు ఒక మూల చిరిగినట్టు ఉంటుంది చూడండి, అదే ఆ చోటు.

లెక్క చెప్తాను. మేం మొదట్నించీ నోటు పుస్తకంలో గంటలు రాసుకుంటున్నాం. ఇప్పటికి బాడీ పనికే 2,600 గంటలు. రెసిన్, మ్యాట్, జెల్‌కోట్, మైనం, లప్పం, ప్లగ్‌కీ అచ్చులకీ బాడీకీ అన్నీ కలిపి 9 వేల డాలర్లు దాటలేదు. చివర్లో వచ్చిన బాడీలో ఉన్న సరుకు ఒక్కటే లెక్కేస్తే రెండు వేలు. మేం ముగ్గురం జీతం తీసుకోలేదు. అదే వర్క్‌షాప్‌లో గంటకి 80 డాలర్లు వేసుకుంటే ఎంత? 2,08,000. ఇంజిను లేదు, సీట్లు లేవు, క్రోమ్ లేదు, ఇంకా పెయింటు కూడా లేదు. బాబూ, నువ్వు వుడ్‌వర్డ్ మీద చూసిన ధర ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందా?

ఇప్పుడు ఉప్పాడ బోటు దగ్గరికి మళ్లీ వస్తాను. అక్కడా ఎవరో ఒక ప్లగ్ చేశారు, ఒక అచ్చు తీశారు. కానీ ఆ ఒక్క అచ్చులోంచి బోటు తర్వాత బోటు దించుతూనే ఉంటారు. అచ్చు ఖర్చు అన్ని బోట్ల మీదా పంచుకుంటే ఒక్కోదాని వాటా ఎంతో కాదు. మా ఫ్యూచురా అచ్చులోంచి వచ్చేది ఒక్కటే. అచ్చు ఖర్చు మొత్తం ఆ ఒక్కదాని నెత్తి మీదే. రెండో కారు తీస్తే సగమవుతుంది, పదో కారుకి పదో వంతు. మరి తియ్యొచ్చు కదా అంటారా? ఎవరు కొంటారు? 1955 డ్రీమ్ కారుకి ప్రాణం ఇచ్చేవాళ్లు దేశం మొత్తం మీద ఎంతమంది ఉంటారు? 2015 డిసెంబర్‌లో ఒక చట్టం చేశారు, చిన్న వర్క్‌షాపులు పాత కార్ల నకళ్లని ఒక్కోటీ ఏడాదికి 325 దాకా కొత్త కార్ల భద్రతా నిబంధనలు లేకుండా అమ్ముకోవచ్చని. మంచిదే. కానీ కనీసం పాతికేళ్ల కిందట అమ్మకానికి తయారై రోడ్డెక్కిన కార్లని, కోబ్రా అనే స్పోర్ట్స్ కారు లాంటివాటిని, దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టం అది. ఏడాదికి 325 ఫ్యూచురాలు అడిగేవాళ్లు ఎక్కడున్నారు?

అయితే రెండు లక్షలు అడిగిన ప్రతివాడికీ ఇచ్చేయమని నేను చెప్పడం లేదు. ఇది గట్టిగా చెప్తున్నాను. ఈ రంగంలో నకలు మీద నకలు తీసేవాళ్లు ఉన్నారు. వేరేవాడు చేసిన బాడీ కొని, దాని మీదే అచ్చు తీసి, చవగ్గా అమ్ముతారు. రెసిన్ ఆరేటప్పుడు కుంచించుకుంటుంది. వెయ్యింట మూడు వంతులు కుంచించుకున్నా, 19 అడుగుల కారులో ముప్పావు అంగుళం దాకా పోతుంది. దాని నకలుకి ఇంకో ముప్పావు. మా మిత్రుడు ఒకాయన వేరే కారుకి అలాంటి బాడీ కొన్నాడు. 14 నెలలు తిప్పించుకుని పంపారు. తలుపు ఒక వైపు కూర్చుంటే రెండో వైపు వేలు దూరేంత సందు. ఫోన్ చేస్తే, ఫైబర్ అంటే అంతేనండీ అన్నారట. అంతే కాదండి! ఫైబర్ మీద నింద వేయకండి. సరిగ్గా చేసిన ఫైబర్ తలుపు చిటికెన వేలితో నెడితే మూసుకుంటుంది.

కొనాలనుకునేవాళ్లు వెళ్లినప్పుడు మూడు అడగండి. ప్లగ్ ఎక్కడుంది, చూపించండి అనండి. బాడీ లోపలి వైపు చూపించమనండి, పెయింటు వేయని వైపు. అక్కడ మ్యాట్ తెల్లగా పొడిగా కనపడితే రెసిన్ సరిగ్గా తాగలేదని. అద్దాలు ఎవరు చేశారు అని అడగండి. అన్నిటికన్నా ముఖ్యం ఈ మూడోదే. ఎందుకంటే బాడీ చేయడం వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, అద్దం దగ్గరే అందరూ ఆగిపోతారు. ఏ షాపులోనూ దొరకని అద్దం అది. 

మా కారు ఆగింది కూడా అక్కడే. రెండు గుమ్మటాలు కావాలి. యాక్రిలిక్ పలకని ఓవెన్‌లో మెత్తబడేదాకా వేడి చేసి, గాలితో ఊది బుడగలా లేపాలి. వేడి తక్కువైతే పగులుతుంది, ఎక్కువైతే లోపల సన్నని నీటి బుడగల్లా వచ్చేస్తాయి. పగలకుండా వచ్చినా, లోపల కూర్చుని చూస్తే రోడ్డు అలలు అలలుగా కనపడకూడదు. ఇప్పటికి నాలుగు పలకలు పోయాయి. ఐదోది నిన్న రాత్రి ఊదారు. రేపు పొద్దున్న పది గంటలకి వెళ్లి లోపల తల పెట్టి చూడాలి. మా గ్యారేజీ అడ్రసు తెలిసినవాళ్లు రండి. బాబూ, నువ్వు తప్పకుండా రా. వచ్చి బానెట్ మీద మళ్లీ కొట్టి చూద్దువుగాని.

ఆ ముక్క అందరికీ అందిందా? వెనక వరుసలో అమ్మగారూ, మీ దగ్గరికి రాలేదా? ఇటు ఇవ్వండి, నేనే తెచ్చి చూపిస్తాను.